రాష్ట్ర ప్రభుత్వ హామీతో విద్యా రుణం: మన ఎమ్మెల్యేలు ఎందుకు అడగరు?

వెన్నెల_వాకిలి
మా అక్క కూతురికి కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. బావ ఒక ప్రైవేటు కంపెనీలో నెలకు పాతిక వేల జీతానికి పనిచేస్తాడు. అంటే ఏడాదికి 3 లక్షలు. తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే పట్టణంలో కుటుంబ ఆదాయం 2 లక్షలు, పల్లెలో లక్షన్నర దాటకూడదు. వీళ్లు ఆ గీత దాటేశారు. పోనీ రుణం తీసుకుందామని బ్యాంకుకు వెళితే ఇల్లో పొలమో తనఖా పెట్టమన్నారు. అడిగింది 6 లక్షలు. ఏడున్నర లక్షల దాకా తనఖా అక్కర్లేదు కదా అంటే, "నిబంధన ఉంది, మా శాఖలో అలా ఇవ్వడం లేదు" అని జవాబు.

శాసనసభ చర్చలు శ్రద్ధగా చూస్తాను. ఫీజు బకాయిలు ఎన్ని కోట్లు అని ఒకరు, మీ హయాంలో ఎంత పెట్టిపోయారు అని మరొకరు. బకాయిల మాట అవసరమే. కానీ అసలు ఆ పథకంలోకే రాని పిల్లల గురించి లేచి నిలబడి అడిగినవారిని నేను చూడలేదు. బీహార్, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు సొంత హామీతో విద్యా రుణాలు ఇస్తున్నాయి. మన దగ్గర ఎందుకు లేదు? తెలిసినవారు వివరంగా చెప్పండి.

కోటగుమ్మం
మాది ఆంధ్ర. మా తమ్ముడి చదువుకు అమ్మ గొలుసు, గాజులు కుదువ పెట్టి బంగారం మీద రుణం తీసుకున్నాం. విద్యా రుణం దరఖాస్తు మాత్రం "పరిశీలనలో ఉంది" అంటూనే మొదటి సెమిస్టరు అయిపోయింది.

తాటాకు_పందిరి
"మా శాఖలో అలా ఇవ్వడం లేదు" అనే మాట రాసి ఇమ్మని అడగండి. రాసి ఇవ్వరు. అందుకే అడగాలి.

విశ్రాంత_బాబాయి
ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో శాఖాధికారిగా చేసి రిటైరయ్యాను. లోపలి నుంచి విషయం ఎలా కనిపిస్తుందో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

భారత బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు తనఖా లేదు, మార్జిన్ సొమ్ము (అంటే మనం చేతి నుంచి పెట్టుకోవలసిన వాటా) లేదు. అది దాటితే స్వదేశంలో చదువుకు 5 శాతం మార్జిన్. 2015లో కేంద్రం ఒక హామీ నిధి పెట్టింది. ఏడున్నర లక్షల లోపు తనఖా లేకుండా ఇచ్చిన రుణం మొండి బాకీ అయితే అందులో 75 శాతం ఆ నిధి భరిస్తుంది. దీనికి బ్యాంకు ఏటా అర శాతం రుసుము కడుతుంది. కాబట్టి వెన్నెల గారి అక్క కూతురికి తనఖా అడగడానికి ఏ ఆధారమూ లేదు.

మరి ఎందుకు అడుగుతారు? మిగిలిన 25 శాతం బ్యాంకు నెత్తిన పడుతుంది. మొండి బాకీ ముందుగా శాఖ పద్దులో కనిపిస్తుంది, హామీ సొమ్ము ఎప్పటికో వస్తుంది. రుణం ఇచ్చిన అధికారి మూడేళ్లకు బదిలీ అవుతాడు, వసూలు చేయవలసినవాడు మరొకడు. పిల్లవాడు చదువు ముగించి వేరే ఊరు పోతాడు, ఫోను నంబరు మారుతుంది. పదిహేనేళ్ల పాటు వెంట పడవలసిన చిన్న ఖాతా అది. అదే సమయంలో ఒక ఇంటి రుణం ఇస్తే చేతిలో ఆస్తి పత్రాలు ఉంటాయి. లక్ష్యాల ఒత్తిడిలో ఉన్న మేనేజరు దేనివైపు మొగ్గుతాడో ఊహించండి. ఇది సమర్థన కాదు. ఈ భయం పోగొట్టకుండా ఎన్ని సర్క్యులర్లు పంపినా ఫలితం ఉండదని చెప్పడానికి రాశాను.

వెన్నెల_వాకిలి
బాబాయి గారూ, అంటే ఆ మిగిలిన 25 శాతం భారం రాష్ట్రం తీసుకుంటే మేనేజర్లు ఇస్తారా?

విశ్రాంత_బాబాయి
సగం మార్గం అదే తల్లీ. మిగతా సగం ఎవరో ఒకరు పైనుంచి నెలనెలా లెక్క అడగడం. అది శాసనసభ్యులు చేయగలిగిన పని.

నీలిసిరా
నేను గట్టిగా విభేదిస్తున్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ప్రభుత్వం కట్టే సొమ్ము. రుణం అంటే పిల్లలు కట్టే సొమ్ము. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టిన రోజు నుంచి మొదటిది కరగడం మొదలవుతుంది. ఇప్పటికే కళాశాలలకు బకాయిలు పేరుకుని, యాజమాన్యాలు బంద్‌లు చేస్తున్నాయి, ఫీజు కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వకుండా పిల్లలను తిప్పుతున్నాయి. ఇలాంటప్పుడు ప్రభుత్వానికి "రుణ హామీ" అనే తలుపు చూపిస్తే సంతోషంగా అందులోంచి బయటికి వెళ్లిపోతుంది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపమనండి. ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలల్లో సీట్లు పెంచమనండి. తక్కువ ఫీజుతో మంచి చదువు ఉంటే రుణం అవసరమే రాదు.

తాటాకు_పందిరి
నీలిసిరా గారూ, మీరు చెప్పిన ప్రతి మాటా నిజం. కానీ విశ్వవిద్యాలయం బాగుపడేదాకా ఆ అమ్మాయి సీటు ఎవరూ ఆపి ఉంచరు. ఫీజు కట్టే గడువు వారం రోజులు.

కోటగుమ్మం
పైగా రీయింబర్స్‌మెంట్ వచ్చినా అది అందరికీ పూర్తి ఫీజు కాదు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, 10 వేల లోపు ర్యాంకు తెచ్చుకున్నవారికి పూర్తిగా. మిగిలినవారిలో చాలామందికి ఇంజినీరింగ్‌లో 35 వేల రూపాయల పరిమితి. కళాశాల ఫీజు లక్ష దాటితే ఆ తేడా ఎక్కడి నుంచి తేవాలి? హాస్టలు, బస్సు ఖర్చు వేరే.

లెక్కల_రామం
భావాలు అలా ఉంచి కాసేపు అంకెలు చూద్దాం. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లు, మొత్తం 6 లక్షల రుణం అనుకోండి. చదువు కాలం, ఆ తర్వాత ఒక ఏడాది మారటోరియం, అంటే వాయిదాలు కట్టనక్కర్లేని విరామం. ఆ కాలంలో సాధారణ వడ్డీ.

10 శాతం వడ్డీ అయితే: మొదటి విడత మీద ఐదేళ్లకు 75 వేలు, రెండో దాని మీద 60 వేలు, మూడో దాని మీద 45 వేలు, నాలుగో దాని మీద 30 వేలు. వడ్డీ 2 లక్షల 10 వేలు. అంటే కట్టడం మొదలుపెట్టే రోజుకే బాకీ 8 లక్షల 10 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700 రూపాయలు.

4 శాతం వడ్డీ అయితే మారటోరియం వడ్డీ 84 వేలే. బాకీ 6 లక్షల 84 వేలు. నెల వాయిదా సుమారు 6,900.

తొలి ఉద్యోగంలో 20 వేల జీతం వచ్చే పిల్లవాడికి ఆ 3,800 తేడా అంటే గది అద్దె.

సిరిమల్లె_పొద
రామం గారి పోస్టు చదవడానికి కాగితం, పెన్సిలు తెచ్చుకోవాల్సి వచ్చింది. మళ్లీ కూడి చూశాను, సరిపోయింది. మాస్టారూ, ఇలాంటివి ఇంకా రాయండి.

గంగాతీరం
ఉద్యోగరీత్యా పట్నాలో కొన్నేళ్లు ఉన్నాను. బీహార్ పథకం పుట్టుక చూశాను కాబట్టి రాస్తున్నాను. 2016 అక్టోబరు 2న స్టూడెంట్ క్రెడిట్ కార్డు మొదలైంది. ఇంటర్ పాసైన వారికి పై చదువుకు 4 లక్షల వరకు రుణం, ప్రభుత్వ హామీ. మొదట బ్యాంకుల ద్వారానే ఇప్పించాలనుకున్నారు. హామీ ఉన్నా బ్యాంకులు కదల్లేదు. బాబాయి గారు చెప్పిన భయాలే అక్కడా. చివరికి 2018లో రాష్ట్రమే ఒక విద్యా ఆర్థిక సంస్థను పెట్టి నేరుగా రుణం ఇవ్వడం ప్రారంభించింది. 4 శాతం సాధారణ వడ్డీ, అమ్మాయిలకు, దివ్యాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు 1 శాతం. 2025 సెప్టెంబరులో వడ్డీ పూర్తిగా ఎత్తేస్తున్నామని, 2 లక్షల దాకా రుణానికి 84 నెలల్లో, ఆపైన 120 నెలల్లో కట్టవచ్చని ప్రకటించారు.

మా వీధిలో పాల వ్యాపారి కూతురు ఈ రుణంతో నర్సింగ్ చదివింది. వాళ్ల నాన్న ఏ బ్యాంకు గుమ్మమూ ఎక్కలేదు. జిల్లా కేంద్రంలో దీనికే ఒక కార్యాలయం ఉంటుంది, కాగితాలు అక్కడే చూస్తారు.

నీలిసిరా
2025 సెప్టెంబరు అంటే బీహార్ ఎన్నికల ముందు. గమనించారా?

గంగాతీరం
గమనించాను. ఎన్నికల ముందు వచ్చినా వడ్డీ తగ్గితే కట్టేవాడికి తగ్గినట్టే. నాకు నచ్చని విషయం వేరే ఉంది. 2016లో పెట్టిన 4 లక్షల పరిమితి ఇప్పటి ఫీజులకు చాలదు.

హౌరా_మెయిల్
బెంగాల్ సంగతి నేను చెబుతాను, ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. 2021 జూన్ చివర మొదలైంది. 10 లక్షల వరకు, 4 శాతం సాధారణ వడ్డీ, తిరిగి కట్టడానికి 15 ఏళ్లు, 40 ఏళ్ల వయసు దాకా దరఖాస్తు చేసుకోవచ్చు. చదువు సాగుతుండగానే వడ్డీ కట్టేస్తే ఇంకో శాతం తగ్గింపు. కాగితం మీద చాలా గొప్ప పథకం. ఆచరణలో బ్యాంకులు దరఖాస్తులు పట్టుకుని కూర్చున్నాయి. మా బంధువుల అబ్బాయికి కళాశాల ఆమోదం, విద్యాశాఖ ఆమోదం వెంటనే వచ్చాయి, బ్యాంకు దగ్గర మాత్రం నెలల తరబడి ఆగింది. చివరికి సహకార బ్యాంకు ఇచ్చింది.

విశ్రాంత_బాబాయి
చూశారా, రెండు చోట్లా ఒకే గోడ. ప్రభుత్వం హామీ పత్రం మీద సంతకం పెట్టగానే పని అయిపోదు.

ఏటి_ఒడ్డు
ఇన్ని మాట్లాడుతున్నారు, కేంద్రం పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది కదా? 2024 నవంబరులో మంత్రివర్గం ఆమోదించింది. తనఖా లేదు, ష్యూరిటీ లేదు. ఏడున్నర లక్షల దాకా 75 శాతం హామీ. 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ. రాష్ట్రం మళ్లీ ఎందుకు?

వెన్నెల_వాకిలి
ఏటి ఒడ్డు గారూ, మేము మొదట చూసింది అదే. జాబితాలో మా అమ్మాయి కళాశాల లేదు.

తాటాకు_పందిరి
అదే అసలు విషయం. విద్యాలక్ష్మి మొదలైనప్పుడు వర్తించింది సుమారు 860 సంస్థలకే. జాతీయ ర్యాంకుల్లో మొదటి 100లో ఉన్నవి, 101 నుంచి 200 మధ్య ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు, కేంద్ర సంస్థలు. మన రెండు రాష్ట్రాల్లో అనుబంధ కళాశాలల్లో చదివే లక్షల మంది దీనికి బయటే ఉంటారు. వడ్డీ రాయితీ కూడా ఏడాదికి దేశమంతటికీ కలిపి లక్ష మందికి. ఐఐటీలో సీటు వచ్చినవాడికి ఏ బ్యాంకయినా పిలిచి రుణం ఇస్తుంది. జిల్లా కేంద్రంలోని మామూలు కళాశాలలో సీటు వచ్చినవాడికే హామీ కావాలి. ఆ జాగా నింపవలసింది రాష్ట్రమే.

నీలిసిరా
ఆ మామూలు కళాశాలల్లో ఎన్నింట్లో చదువు చెబుతున్నారో కూడా అడగండి. ప్రభుత్వ హామీతో రుణం సులువుగా దొరుకుతుందంటే యాజమాన్యాలు ఏం చేస్తాయి? ఫీజు పెంచుతాయి. అమెరికాలో చూడలేదా? 1965 చట్టంతో ప్రభుత్వ హామీ రుణాలు మొదలయ్యాయి, 2010లో బ్యాంకులను తప్పించి కొత్త రుణాలన్నీ ప్రభుత్వమే నేరుగా ఇవ్వడం మొదలుపెట్టింది, ఇప్పుడు విద్యార్థుల బాకీ లక్షన్నర కోట్ల డాలర్లు దాటింది. మన సభలో కళాశాలలున్న సభ్యులు ఎంతమందో మీకందరికీ తెలుసు. వాళ్లు ఈ పథకానికి చేతులెత్తి మద్దతిస్తారు, ఎవరి మేలు కోసమో ఆలోచించండి.

లెక్కల_రామం
నీలిసిరా గారూ, మీ అంకె సరిచూశాను. లక్షన్నర కోట్లు అంటే ఒకటిన్నర ట్రిలియన్. అవును, సరిపోయింది, ఇంకా ఎక్కువే. కానీ అక్కడ ఫీజు మీద ప్రభుత్వ నియంత్రణ దాదాపు లేదు. తెలంగాణలో ప్రవేశాలు, రుసుముల నియంత్రణ కమిటీ ఉంది, ఆంధ్రలో ఉన్నత విద్యా నియంత్రణ కమిషన్ ఉంది. కన్వీనర్ కోటాకు ఖరారైన ఫీజుకే హామీ, మేనేజ్‌మెంట్ కోటాకు లేదు అని ఒక్క వాక్యం రాస్తే చాలావరకు అడ్డుకట్ట పడుతుంది.

నీలిసిరా
ఆ కమిటీలు ఫీజులు పెంచినప్పుడల్లా ఏం జరిగిందో చూశాం. అయినా ఆ షరతు ఉండాలంటే ఒప్పుకుంటాను.

తొలకరి_జల్లు
రుణం తీసుకుని చదివినదాన్ని నేను, ఇటువైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా. బీటెక్ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం రాలేదు. మారటోరియం చదువు తర్వాత ఏడాదికే ముగిసిపోయింది. ఈఎంఐ మొదలైంది. అమ్మ సహ దరఖాస్తుదారు. ఆమె డ్వాక్రా సంఘంలో ఉంది, నా బాకీ వల్ల ఆమె సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడుతున్నారా అన్నదానికి వేసే మార్కు, పడిపోయింది. వసూలుకు వచ్చే ఫోన్లు మా మేనమామకు కూడా వెళ్లాయి. అప్పుడు చిన్న జీతానికి దొరికిన పనిలో చేరి కట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు పరిస్థితి బాగుంది.

హామీ గురించి అందరూ బ్యాంకు వైపు నుంచే మాట్లాడుతున్నారు. ప్రభుత్వ హామీ వల్ల బ్యాంకుకు డబ్బు వస్తుంది, నా మీద బాకీ పోదు కదా. ప్రభుత్వమే వసూలుకు వస్తుంది. ఉద్యోగం లేనప్పుడు ఏం చేయాలో ముందే రాసి ఉన్న పథకం కావాలి.

సిరిమల్లె_పొద
తొలకరి గారూ, మీరు రాసినందుకు ధన్యవాదాలు. ఇది చదివాక నా మనసు మారింది. వడ్డీ కన్నా ఇదే పెద్ద విషయం.

మలయమారుతం
తొలకరి గారు చెప్పినదానికి కేరళలో ఒక జవాబు ఉంది. 2017లో అక్కడి ప్రభుత్వం 900 కోట్లతో విద్యా రుణాల చెల్లింపు సహాయ పథకం పెట్టింది. అప్పటికే తీసుకున్న రుణం కట్టలేకపోతున్న వారికి మొదటి ఏడాది వాయిదాల్లో 90 శాతం ప్రభుత్వం, రెండో ఏడాది 75, మూడో ఏడాది 50, నాలుగో ఏడాది 25. మిగిలింది రుణగ్రహీత. మాఫీ కాదు, చేయి పట్టుకుని నడిపించడం. 2023లో కేరళ హైకోర్టు సిబిల్ స్కోరు తక్కువగా ఉందన్న కారణంతో విద్యా రుణం నిరాకరించరాదని కూడా చెప్పింది.

విశ్రాంత_బాబాయి
కేరళ పద్ధతి నాకు నచ్చింది. కట్టే అలవాటు చెడిపోదు, పిల్లలు కుంగిపోరు. పూర్తి మాఫీ మాత్రం నేను ఒప్పుకోను. "ఎన్నికలొస్తే మాఫీ చేస్తారు" అని కట్టగలిగినవారు కూడా ఆగిపోవడం వ్యవసాయ రుణాల్లో కళ్లారా చూశాను. ఆ తర్వాత ఏడాది కొత్తవారికి రుణం పుట్టదు.

కోటగుమ్మం
రైతుల విషయం ఇందులోకి తేవద్దు బాబాయి గారూ. వాన పడకపోవడం రైతు తప్పు కాదు.

విశ్రాంత_బాబాయి
రైతును తప్పుపట్టలేదు బాబూ. మాఫీ సొమ్ము బ్యాంకుకు విడతల్లో ఆలస్యంగా వస్తే ఆ మధ్యకాలంలో నష్టపోయేది అదే రైతు అని చెబుతున్నాను. సరే, ఆ చర్చ వేరే చోట పెట్టుకుందాం.

మలయమారుతం
ఇంకో మార్గం ఆస్ట్రేలియాది. 1989 నుంచి అక్కడ ఫీజు ప్రభుత్వం కడుతుంది, చదివినవాడి ఆదాయం ఒక పరిమితి దాటాకే పన్నుతో పాటు వసూలు చేస్తుంది. ఉద్యోగం లేకపోతే వాయిదా లేదు, ఫోన్లు లేవు.

లెక్కల_రామం
అది రాష్ట్రం చేయగలిగేది కాదు. ఆదాయపు పన్ను కేంద్రం చేతిలో ఉంది. పైగా తొలి ఉద్యోగాల్లో చాలామంది పన్ను పరిధిలోకే రారు. ఆదాయం లేనప్పుడు వాయిదా ఆగాలన్న సూత్రం మాత్రం తీసుకోవచ్చు.

సభామార్గం
కొన్నేళ్లు శాసనసభ వార్తలు రాసిన అనుభవంతో మొదటి ప్రశ్నకు వస్తున్నాను: ఎమ్మెల్యేలు ఎందుకు అడగరు, అడిగితే ఏమవుతుంది?

ఎందుకు అడగరంటే, బకాయి అనేది తేదీ ఉన్న సమస్య. కళాశాల మూతపడితే పత్రికలో ఫొటో వస్తుంది. రుణం దొరక్క సీటు వదులుకున్న అమ్మాయి ఎక్కడా నమోదు కాదు. ఏ నియోజకవర్గంలో ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి వచ్చింది అన్న లెక్క ఎమ్మెల్యే బల్ల మీద ఉండదు. అంకె లేని సమస్య మీద సభలో మాట్లాడటం కష్టం, మంత్రి ఒక్క మాటతో తోసిపుచ్చుతారు.

అడిగితే ఏమవుతుందంటే, చాలానే అవుతుంది. రాజ్యాంగం 293వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం తన సంచిత నిధి (అంటే రాష్ట్ర ఖజానా) మీద హామీలు ఇవ్వవచ్చు, ఆ హామీలకు పరిమితి పెట్టే అధికారం శాసనసభది. ఇప్పుడు ఆ హామీల్లో పెద్ద భాగం విద్యుత్ సంస్థలకు, సాగునీటి కార్పొరేషన్లకు, రకరకాల సంస్థల రుణాలకు పోతోంది. వేల కోట్లకు సంతకం పెట్టగలిగిన ప్రభుత్వం పిల్లల చదువుకు కొన్ని వందల కోట్లకు పెట్టలేదంటే నేను నమ్మను.

ఆంధ్రలో 2024 ఎన్నికల ముందు "కలలకు రెక్కలు" పేరుతో ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయిలకు ప్రభుత్వ హామీతో రుణం ఇస్తామన్న వాగ్దానం వచ్చింది. అలాంటి మాటను పట్టుకుని ఏ పార్టీ సభ్యుడైనా నక్షత్ర గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పవలసినది) వేయవచ్చు, విద్యాశాఖ పద్దు మీద చర్చలో ఇంతకు ఎంత కేటాయించారని నిలదీయవచ్చు. బడ్జెట్‌లో ఒక పద్దు, దాని ఎదురుగా ఒక అంకె కనిపించనంత వరకు మద్దతు అనే మాటకు విలువ ఇవ్వకండి.

వెన్నెల_వాకిలి
సభామార్గం గారూ, నేను అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు. నియోజకవర్గాల వారీగా లెక్క ఎవరి దగ్గర దొరుకుతుంది?

విశ్రాంత_బాబాయి
జిల్లాల వారీగా అయితే దొరుకుతుంది. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల కమిటీ ఉంటుంది. తెలంగాణలో స్టేట్ బ్యాంకు, ఆంధ్రలో యూనియన్ బ్యాంకు దాన్ని నడిపిస్తాయి. వార్షిక రుణ ప్రణాళికలో విద్యా రుణాల లక్ష్యం ఎంత, ఇచ్చింది ఎంత అన్న పట్టిక ఆ సమావేశాల పత్రాల్లో ఉంటుంది. సమావేశంలో ఎక్కువసేపు పంట రుణాల మీదే పోతుంది, విద్యా రుణాల పేజీ గబగబా తిప్పేస్తారు. ఆ పేజీ దగ్గర ఆపమని అడిగే నాయకుడు కావాలి.

ఏటి_ఒడ్డు
ఇంకొకటి. తెలంగాణలో విదేశీ చదువుకు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల వరకు విద్యానిధి సహాయం ఉంది. అది మంచి పథకమే. బయటికి వెళ్లేవారికి అంత చేయగలిగినప్పుడు ఇక్కడే చదివేవారికి కనీసం హామీ అయినా ఇవ్వాలి. నేను ముందు కేంద్ర పథకం చాలనుకున్నాను, 860 సంస్థల సంగతి చూశాక రాష్ట్ర పథకం ఉండాలనే అనిపిస్తోంది.

లెక్కల_రామం
ఖర్చు ఎంతో కూడా ఊహించి చూద్దాం. ఏడాదికి 20 వేల మందికి తలా 5 లక్షల చొప్పున మంజూరు చేశారనుకోండి. మొత్తం 1,000 కోట్లు. అందులో పదో వంతు మునిగిపోయిందనుకుంటే 100 కోట్లు. కేంద్ర హామీ నిధి 75 కోట్లు భరిస్తే రాష్ట్రం వాటా 25 కోట్లు. వడ్డీ 10 నుంచి 4కు తగ్గించాలంటే మొత్తం రుణం విడుదలయ్యాక ఏడాదికి 60 కోట్లు. ఇవి నా ఊహ అంకెలు. ఏటా కొత్త విద్యార్థులు చేరతారు కాబట్టి కొన్నేళ్లకు ఇది ఎన్నో రెట్లవుతుంది. అయినా రాష్ట్ర బడ్జెట్‌కు మోయలేని బరువు కాదు.

నీలిసిరా
రామం గారి లెక్కతో కూడా నా భయం పోలేదు. ఆ 60 కోట్లు ఫీజు రీయింబర్స్‌మెంట్ పద్దులోంచి తీయరని ఎవరు హామీ ఇస్తారు? మీరందరూ అర్జీ రాసే ఆలోచనలో ఉన్నట్టున్నారు. మొదటి వాక్యంగా "ఇప్పుడున్న రీయింబర్స్‌మెంట్‌ను ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా" అని రాయండి. అప్పుడు నేను సంతకం పెడతాను.

తాటాకు_పందిరి
రాద్దాం. మీరు ఇంతసేపు వాదించకపోతే ఆ వాక్యం ఎవరికీ తట్టేది కాదు.

మలయమారుతం
వెన్నెల గారూ, సభ సంగతి తేలేలోపు మీ పని చూసుకోండి. ఆ కేంద్ర పథకం కింద కాకపోయినా, మామూలు విద్యా రుణానికే విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెడితే రశీదు నంబరు వస్తుంది, శాఖ మౌఖికంగా తోసిపుచ్చడానికి వీలుండదు. నమూనా పథకం ప్రకారం నిరాకరించాలంటే పై అధికారి సమ్మతి ఉండాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు, రుసుము లేదు. తనఖా అడిగిన విషయం, తేదీ, అడిగిన మొత్తం స్పష్టంగా రాయండి.

వెన్నెల_వాకిలి
ఈ రాత్రికే పోర్టల్‌లో పెట్టిస్తాను. మొదటి విడత ఫీజు బావ చీటీ పాడుకుని కడుతున్నాడు, సీటు పోదు.

అర్జీ ముసాయిదా ఇలా అనుకున్నాను, చూసి చెప్పండి: ఇప్పుడున్న రీయింబర్స్‌మెంట్‌ను ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా, దాని పరిధిలోకి రాని, 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు కన్వీనర్ కోటా ఫీజు, హాస్టలు ఖర్చు మేరకు విద్యా రుణాల్లో కేంద్ర నిధి భరించని 25 శాతానికి రాష్ట్రం హామీ ఉండాలి. వడ్డీ 4 శాతం మించకూడదు. బడ్జెట్‌లో ప్రత్యేక పద్దు ఉండాలి. జిల్లాల వారీగా దరఖాస్తులు, మంజూరులు, తిరస్కరణలు మూడు నెలలకోసారి సభ ముందు పెట్టాలి.

తొలకరి_జల్లు
ఉద్యోగం లేని కాలంలో వాయిదా ఆగాలి, సహ దరఖాస్తుదారు సిబిల్ మీద దెబ్బ పడకూడదు. ఇది చేర్చకపోతే నేను సంతకం పెట్టను.

లెక్కల_రామం
సిబిల్ విషయం రాష్ట్రం చేతిలో లేదు తొలకరి గారూ. ఆ కాలంలో వాయిదా రాష్ట్రమే కడితే ఖాతా మొండి బాకీ కాదు, స్కోరు పడదు. కేరళ పట్టిక పెట్టి అలా రాయమందాం.

తొలకరి_జల్లు
అలా అయితే సరే.

సభామార్గం
ముసాయిదా బాగుంది. ఎమ్మెల్యేకు ఇచ్చేటప్పుడు ఒక్క పేజీ దాటనివ్వకండి. అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ ఒకే రోజు ఇవ్వండి. బడ్జెట్ సమావేశాలకు కనీసం నెల ముందు అందాలి, పద్దులు అప్పటికే తయారవుతుంటాయి. ఎమ్మెల్సీలను మరిచిపోవద్దు. పట్టభద్రుల, ఉపాధ్యాయుల నియోజకవర్గాల నుంచి మండలికి వెళ్లినవారికి ఇది నేరుగా సంబంధించిన విషయం.

కోటగుమ్మం
ఆంధ్రకు వేరే ప్రతి కావాలి. ఇక్కడ ఆదాయ పరిమితి, పథకం పేర్లు వేరు. నేను తయారుచేసి రేపు పెడతాను.

గంగాతీరం
బ్యాంకులు సంవత్సరం లోపు స్పందించకపోతే బీహార్ లాగా సొంత సంస్థ ద్వారా ఇవ్వాలని చివర్లో చేర్చండి. లేకపోతే బెంగాల్ దగ్గరే ఆగిపోతాం.

హౌరా_మెయిల్
దీనికి నా ఓటు. సహకార బ్యాంకులను కూడా మొదటి నుంచే కలపమనండి.

సిరిమల్లె_పొద
అందరూ ఇంజినీరింగ్ గురించే రాస్తున్నారు. పాలిటెక్నిక్, నర్సింగ్, ఫార్మసీ, ఐటీఐ పిల్లలు? మా ఊరి ఐటీఐలో ఏడాది ఖర్చు చిన్నదే, అయినా దానికి కూడా వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళుతున్నారు. అంత చిన్న మొత్తానికి బ్యాంకు తలుపు అసలు తెరవదు.

విశ్రాంత_బాబాయి
సరిగ్గా పట్టుకున్నావమ్మా. చిన్న రుణానికీ పెద్ద రుణానికీ కాగితాల పని ఒక్కటే, అందుకే మేనేజరు చిన్నదాన్ని పక్కన పెడతాడు. "కనీస పరిమితి లేకుండా, ఇంటర్ లేదా పదో తరగతి తర్వాత గుర్తింపు ఉన్న ఏ కోర్సుకైనా" అని రాయండి.

వెన్నెల_వాకిలి
చేర్చాను. గంగాతీరం గారి షరతు, తొలకరి గారిది కూడా. ఆంధ్ర ప్రతి వచ్చాక రెండూ కలిపి ఇక్కడే పెడతాను, ఎవరి నియోజకవర్గం వారు తీసుకెళ్లండి.